వాయించిన ఆయన పేరు

1993 నవంబరులో లండన్ చేరేనాటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. మా వారు తూర్పు లండన్‌లో ఒక ఆసుపత్రిలో జూనియర్ డాక్టరు. ఫారెస్ట్ గేట్ స్టేషనుకు పది నిమిషాల దూరంలో, ఒకదానికొకటి ఆనుకుని బారుగా నిలబడిన పాత ఇటుక ఇళ్ళలో ఒకదాని పై అంతస్తు అద్దెకు తీసుకున్నారు. సాయంత్రం నాలుగింటికే చీకటి పడేది. ఆయనకు వారంలో మూడు రాత్రులు డ్యూటీ. ఆ రాత్రుళ్ళు వంటింట్లో కుర్చీని గోడకు ఆనించుకుని, నాన్నగారికీ అమ్మకూ ఉత్తరాలు రాస్తూ కూర్చునేదాన్ని.

ఆ గోడ మోగేది. మొదటి రాత్రి అది నా వీపుకు తెలిసింది, తర్వాతే చెవికి అందింది. మా తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో జాతర నాడు డప్పులను మంట దగ్గర కాచి, తోలు బిగిశాక మొదటి దరువు వేస్తే గుండెలో ఒక అదురు పుడుతుంది. అలాంటి అదురు. భయపడాల్సింది పోయి నా కుడిచెయ్యి తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టింది.

అది నాకు చిన్ననాటి అలవాటు. నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు, మృదంగం ఆయన ప్రాణం. శ్రీరామనవమి పందిళ్ళలో, భజనల్లో, హరికథలకు పక్కవాద్యంగా వాయించేవారు. సాధన చేసేటప్పుడు ఎదురుగా కూర్చుని తాళం వేయడం నా పని. ఆదితాళమైతే ఒక చుట్టుకు, అంటే ఒక ఆవర్తనానికి, ఎనిమిది లెక్కలు: నాలుగు, రెండు, రెండు. ఆ రెండేసి లెక్కల భాగమే ద్రుతం. ఎడమవైపు మూతకు తడిపిన రవ్వ ముద్ద అద్దడం కూడా నా పనే. అది అద్దితేనే ఆ వైపు నాదం కిందికి దిగి బరువుగా పలుకుతుంది.

గోడ అవతలి మోతకు తాళం వేస్తుంటే ఒక వింత బయటపడింది. పైన డ్రమ్ములు నిమిషానికి 160కి పైగా దెబ్బలతో ఉరుకుతున్నాయి. అడుగున బాస్, అంటే మంద్రమైన నాదం, అందులో సగం వేగంతో, తొందర లేకుండా నడుస్తోంది. ఒకే కీర్తనను ఒకరు మొదటి కాలంలో, ఇంకొకరు రెండో కాలంలో, ఇద్దరూ ఒకేసారి పాడుతున్నట్టు. పరుగెత్తాలనుకున్నవాళ్ళు డ్రమ్ములతో పరుగెత్తవచ్చు, ఊగాలనుకున్నవాళ్ళు బాస్‌తో ఊగవచ్చు. ఇంత తెలివైన అమరిక ఎవరిదా అని రాత్రంతా ఆలోచించాను.

పక్కింట్లో జమైకా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం ఉండేది. ఒక పెద్దావిడ, ఆమె మనవడు. అబ్బాయికి పద్దెనిమిదేళ్ళు. మోత ఎక్కువైతే గోడ తట్టమని చెప్పడానికి వచ్చాడు మొదటిసారి. తట్టనని, అది ఏ సంగీతమో చెప్పమని అడిగాను. "జంగిల్" అన్నాడు. నాకు అక్కా అనే పిలుపు ఒకటే తోచి అదే నేర్పాను. నోరు తిరగక "అకా" అనేవాడు.

వాళ్ళ తాతగారికి సౌండ్ సిస్టమ్ ఉండేదట. జమైకా నుంచి వచ్చినవాళ్ళు చాలామందికి ఇక్కడి క్లబ్బుల్లో ప్రవేశం దొరకని రోజుల్లో, మనిషెత్తు స్పీకరు పెట్టెలు చేత్తో తయారు చేసుకుని, ఇళ్ళ నేలమాళిగల్లోనూ హాళ్ళలోనూ రెగే, డబ్ అనే తమ జమైకా సంగీతపు రికార్డులు వేసుకునేవారు. ఆ బరువైన బాస్ అక్కడిది. 1980ల చివర్లో ఇంగ్లండంతా రాత్రంతా ఆడే రేవ్ పార్టీల హోరులో ఉన్నప్పుడు, అమెరికన్ ఫంక్, సోల్ రికార్డుల్లోని డ్రమ్ము ముక్కలను వేగం పెంచి ఈ బాస్ మీద పరిచారు. 1991 నుంచి 93 లోపల దానికి జంగిల్ అని పేరు నిలిచింది. మా వీధికి దగ్గర్లోనే, సెబర్ట్ రోడ్డులో, డి అండర్‌గ్రౌండ్ అని ఒక చిన్న రికార్డుల దుకాణం ఉండేది. కూరగాయలకు వెళ్తూ దాని ముందు నుంచే నడిచేదాన్ని. లెన్ని డి ఐస్ 1991లో తెచ్చిన "వుయ్ ఆర్ ఐ.ఇ." ఆ దుకాణం మనుషుల చేతుల్లోంచి వచ్చిందే. జంగిల్‌కు నాంది పలికిన రికార్డుల్లో దాన్ని లెక్కిస్తారు. ఆ సంగతి తెలియక నేను అక్కడ గొడుగు ముడిచి వాన తగ్గేదాకా నిలబడిన రోజులున్నాయి.

రేడియో సంగతి చెప్పాలి. హిందీ పాటల కోసం ముల్లు తిప్పుతుంటే ఒక రాత్రి 94.5 దగ్గర ఆ డ్రమ్ములే దొరికాయి. కూల్ ఎఫ్.ఎం. అది 1991లో హాక్నీలో మొదలైన స్టేషను. లైసెన్సు లేదు. ఇరవై అంతస్తుల కౌన్సిల్ భవనాల కప్పుల మీద రాత్రికి రాత్రి యాంటెన్నా కట్టేవారు, స్టూడియో ఇంకెక్కడో ఎవరి ఇంటి గదిలోనో ఉండేది. అధికారులు వచ్చి యాంటెన్నా పీకేస్తే శనివారానికల్లా ఇంకో కప్పు మీద ఇంకొకటి లేచేది. పాట మీద ఎం.సీ., అంటే మైకు పట్టుకున్న వ్యాఖ్యాత, మాట్లాడుతూ, ఫోను చేసినవాళ్ళ పేర్లు, వీధుల పేర్లు చదివేవాడు. మా వీధి పేరు వినిపించిన రాత్రి ఆ ఊరు నాకు మొదటిసారి సొంత ఊరిలా అనిపించింది.

ఆ రోజుల్లో నేను ఒక్క క్లబ్బుకైనా వెళ్ళలేదు. నాకు తెలిసిన జంగిల్ అంతా గోడా, రేడియో. ఆదివారం పొద్దున పెద్దావిడ తెల్లని టోపీ పెట్టుకుని చర్చికి బయలుదేరే వేళకు మనవడు ఇస్లింగ్టన్‌లోని పారడైజ్ క్లబ్బు నుంచి వచ్చేవాడు. అక్కడ శనివారం రాత్రుళ్ళు ఎ.డబ్ల్యు.ఓ.ఎల్. అనే పేరుతో జంగిల్ ఆట తెల్లారేదాకా సాగేది, రాండల్ అనే డీజే అక్కడ వేసేవారు. రాండల్ రెండు రికార్డులను కలిపితే మూడో పాట పుడుతుందని పక్కింటి అబ్బాయి చెప్పేవాడు. ఆవిడ మెట్లు దిగుతూ, వీడు ఎక్కుతూ గుమ్మంలో ఎదురయ్యేవారు. ఇద్దరి ముఖాల్లోనూ ఒకే రకమైన తేటదనం ఉండేది.

వాడి గది చూసిన రోజు నాకు బాగా గుర్తుంది. ఒక అటారీ ఎస్‌టీ కంప్యూటరు, స్నేహితులతో పంచుకున్న అకాయ్ ఎస్ 950 శాంప్లరు, అంటే శబ్దపు ముక్కలను పట్టి దాచే యంత్రం. ఆ శాంప్లరులో ఒక మెగాబైటు కూడా పట్టదు. అందుకని ఏ శబ్దం ఉంచాలో, ఎక్కడ తెగ్గొట్టాలో సెకనులో వందో వంతు దాకా పొదుపు చేసేవాడు. డ్రమ్ము ముక్కను దెబ్బ దెబ్బగా విడగొట్టి, పూలు గుచ్చినట్టు మళ్ళీ ఇంకో వరుసలో గుచ్చేవాడు. దెబ్బలన్నీ పాతవే, వరుస మాత్రం లోకంలో ఏ డ్రమ్మరూ వాయించలేనిది. మా నాన్నగారు జతులను, అంటే మృదంగం పలుకుల వరుసలను, విడగొట్టి, తిరగేసి, మళ్ళీ తాళం మొదలయ్యే సమం దగ్గరికి తెచ్చే పనికీ దీనికీ నాకు తేడా కనిపించలేదు. ఇప్పటికీ కనిపించదు.

"అసలు ముక్క వినిపించు, నువ్వు తెగ్గొట్టక ముందుది" అన్నాను. వినిపించాడు. ఏడు సెకన్లు. మళ్ళీ మళ్ళీ అదే. దాన్ని ఆమెన్ అంటారని చెప్పాడు. ఎవరు వాయించారని అడిగితే భుజాలెగరేశాడు. వాడికి అది ఒక స్నేహితుడి ఫ్లాపీ నుంచి వచ్చింది, ఆ స్నేహితుడికి ఇంకెవరి రికార్డు నుంచో.

1994 వేసవిలో జంగిల్ వీధుల్లోకి, కార్లలోకి, దుకాణాల్లోకి వచ్చేసింది. ఎం-బీట్, జనరల్ లెవీల "ఇన్‌క్రెడిబుల్" దేశం మొత్తం పాటల అమ్మకాల పట్టికలో 8వ స్థానం దాకా ఎక్కింది. అదే ఏడాది వచ్చిన కొత్త చట్టం బహిరంగంగా గుమికూడి ఆడే సంగీతం మీద పోలీసులకు అధికారాలిచ్చింది. సంగీతమంటే ఏమిటో చెబుతూ, "వరుసగా, పదే పదే వచ్చే దెబ్బలు" ప్రధానంగా ఉన్నది కూడా అందులోకి వస్తుందని రాశారు. ఆ వాక్యం పేపర్లో చదివి నాకు నిజంగా కోపం వచ్చింది. పదే పదే వచ్చే దెబ్బ లేకపోతే తాళమే లేదు.

ఆ కోపంలోనే నాన్నగారికి పెద్ద ఉత్తరం రాశాను. ఊరికి వెళ్తున్న వాళ్ళ చేత ఒక కేసెట్టు కూడా పంపాను. అందులో రేడియో నుంచి పట్టిన అరగంట జంగిల్, చివర్లో ఆ ఏడు సెకన్ల ముక్క అసలు వేగంలో పదిసార్లు. ఇంకో సంగతి కూడా రాశాను. పక్కింటి అబ్బాయి నా దగ్గరున్న నాన్నగారి మృదంగం కేసెట్టు విని, అందులో ఒక చిన్న ముక్క వాడుకోవచ్చా అని అడిగాడు. ఆయన్ను అడగకుండా నేను చెప్పలేనన్నాను.

ఇరవై రోజులకు నీలం ఏరోగ్రాం వచ్చింది. ఇప్పటికీ నా దగ్గరుంది.

"ఆ ముక్క ఆదితాళంలో ఒక ఆవర్తనానికి సరిగ్గా సరిపోయింది. మూడు వంతులు వెళ్ళాక, చివరి ద్రుతం ఎత్తుకునే చోట దెబ్బ పడాలి. ఆయన అక్కడ ఖాళీ వదిలాడు. విన్నప్పుడల్లా నా చెయ్యి ఆ ఖాళీలో పడుతోంది. తర్వాత తాళపు చిప్ప మీద కొట్టిన దెబ్బ కూడా అనుకున్న చోటికి ముందే వచ్చింది. ఇది ఆషామాషీ చెయ్యి కాదు. ఆ అబ్బాయిని నా వాయింపు వాడుకోమను. వేగం పెంచుకోమను, ముక్కలు చేసుకోమను, కాలప్రమాణం మాత్రం చెడనివ్వొద్దని చెప్పు. ఇంతకూ ఆ డ్రమ్ము వాయించిన ఆయన పేరు నువ్వు రాయలేదు."

పేరు కనుక్కోలేకపోయాను. అడిగినవాళ్ళెవరికీ తెలియదు. మళ్ళీ రెండు ఉత్తరాల్లో అడిగారు. తర్వాత అడగడం మానేశారు.

అబ్బాయి నాన్నగారి ముక్కతో ఒక పాట చేశాడు. హాలోవే ప్రాంతంలోని మ్యూజిక్ హౌస్‌కు వెళ్ళి ఒక డబ్ ప్లేటు చెక్కించుకుని వచ్చాడు. జంగిల్ డీజేలు ఇంకా విడుదల కాని పాటలను అలా ఒక్కో ప్లేటుగా చెక్కించుకునేవారు. అల్యూమినియం పలక మీద మెత్తని లక్క పూత, సూది తిరిగిన కొద్దీ గాడులు అరిగిపోతాయి. కొన్ని పదుల సార్లు వేస్తే అంతే. ఆ ప్లేటు ఒకటే. దాన్ని రెండు మూడు చోట్ల వేశారట. గోడ ఇవతల నుంచి నేనూ విన్నాను. వేగం పెంచిన తొప్పి, అదే మృదంగం ఎడమవైపు, నాదం, కింద బాస్, మధ్యలో ఆమెన్. కొన్ని నెలలకు ఆ ప్లేటు బుసబుసలాడుతూ అరిగిపోయింది. రికార్డు రాలేదు.

తర్వాతి ఏళ్ళు తొందరగా గడిచాయి. 1995లో జంగిల్ కళాకారుడు గోల్డీ ఆల్బమ్ "టైమ్‌లెస్" వచ్చింది. అదే ఏడాది హాక్స్‌టన్ స్క్వేర్‌లోని బ్లూ నోట్ క్లబ్బులో ఆదివారాలు ఆయన మెటల్‌హెడ్జ్ సభలు మొదలయ్యాయి. అదే క్లబ్బులో సోమవారాలు తల్వీన్ సింగ్ "అనోఖా" నడిపారు. ఆయన మాకు దగ్గరి లేటన్‌స్టోన్‌లో పుట్టి, పంజాబ్ వెళ్ళి తబలా నేర్చుకుని వచ్చినవారు. తబలా మీద డ్రమ్ అండ్ బాస్ పరిచిన ఆ సంగీతంతో ఆయన 1999లో, ఆ ఏటి మేటి ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ బహుమతి గెలిచినప్పుడు మా ఇంట్లో పాయసం చేశాను. అంతకు రెండేళ్ళ ముందు అదే బహుమతి బ్రిస్టల్ నుంచి వచ్చిన రోనీ సైజ్ బృందానికి దక్కింది. అప్పటికే జంగిల్ అన్న మాట తగ్గి, డ్రమ్ అండ్ బాస్ అన్న మాట పెరిగింది. సంగీతం నున్నబడింది. దెబ్బల్లోని ఆ చిక్కటి అల్లిక పలచబడి, రెండు దెబ్బల నడక మిగిలింది. చాలామంది దాన్ని ఎదుగుదల అంటారు, నేను ఒప్పుకోను. 1993, 94ల్లో ఆ చిన్న పెట్టెలతో చేసిన పనికి సాటి వచ్చేది ఆ తర్వాత పదిహేనేళ్ళలో నేను వినలేదు.

మాకు 1997లో పాప పుట్టింది. పశ్చిమ లండన్‌లోని హౌన్‌స్లో వైపు ఇల్లు మారాం. పెద్దావిడ పోయారు. అబ్బాయి రికార్డులు పెట్టెల్లో సర్ది అటక మీద పెట్టి, విద్యుత్ పని నేర్చుకుని, ఇంగ్లండ్ ఉత్తరానికి వెళ్ళిపోయాడు. క్రిస్మస్‌కు కార్డు వచ్చేది, "అకా" అని తెలుగులో నేను నేర్పిన రెండు అక్షరాలతో. 2001లో నాన్నగారు పోయారు.

ఆ పేరు నేను చదివేనాటికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. గ్రెగరీ కోల్‌మన్. ద విన్‌స్టన్స్ అనే బృందంలో డ్రమ్మరు. 1969లో అట్లాంటాలో ఒక చిన్న రికార్డు చేశారు. ఒకవైపు "కలర్ హిమ్ ఫాదర్", అది పెద్ద విజయం సాధించి గ్రామీ కూడా తెచ్చుకుంది. రెండోవైపు నింపడానికి "ఆమెన్, బ్రదర్" అని గొంతు లేని ఒక పాట. అది మరీ పొట్టిగా ఉందని మధ్యలో కోల్‌మన్ చేత నాలుగు బార్లు (నాలుగేసి దెబ్బల నాలుగు భాగాలు) ఒంటరిగా వాయింపజేశారు. ఆ నాలుగు బార్లే వేలాది పాటలకు పునాది అయ్యాయి. కోల్‌మన్‌కు దాని మీద ఒక్క డాలరు రాలేదు. 2006లో అట్లాంటాలోనే, ఇల్లు లేని మనిషిగా చనిపోయారు. బృందం నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు తమ డ్రమ్ములను ఇంగ్లండులో ఇలా వాడుతున్నారన్న సంగతే 1996 దాకా తెలియదు. తెలిసేసరికి దావా వేసే గడువు దాటిపోయింది.

అది చదివిన రోజు అన్నం సహించలేదు. మా నాన్నగారికి కూడా వాయించినందుకు దక్కింది పంచెల చాపు, తాంబూలం, ఎప్పుడైనా నూట పదహార్లు. కానీ పందిట్లో మైకు పట్టుకుని ఎవరో ఒకరు "మృదంగంపై" అని ఆయన పేరు చెప్పేవారు. ఆయన తల వంచుకుని నమస్కారం పెట్టేవారు. కోల్‌మన్ దెబ్బ మీద నా యవ్వనమంతా గడిచింది, ఆయన పేరు ఒక్కసారైనా ఎవరి నోటా వినలేదు.

2015లో ఇంగ్లండులో కొందరు డీజేలు, శ్రోతలు చందాలు వేసి స్పెన్సర్‌కు 24,000 పౌండ్లు పంపారు. నేనూ నా వంతు పంపాను. అప్పటికి కోల్‌మన్ పోయి తొమ్మిదేళ్ళు. 2020లో స్పెన్సర్ కూడా వెళ్ళిపోయారు.

2022లో ఒక ఆదివారం మా అమ్మాయి వంటింట్లో ఫోనులో ఏదో పాట పెట్టింది. ఒక ఆడపిల్ల సన్నని గొంతు, కింద డ్రమ్ములు. పప్పు కలుపుతున్న గరిటె అక్కడే ఆగిపోయింది. ఆ ఖాళీ, ఆ ముందే వచ్చిన తాళపు చిప్ప. "ఇది ఎవరిది?" అన్నాను. నియా ఆర్కైవ్స్ అని, బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టిన అమ్మాయని, తనే రాసి, తనే పాడి, తనే డ్రమ్ములు కూర్చుకుంటుందని చెప్పింది. ఆ ఏడాదే ఆమె, నల్లజాతి సంగీతానికి ఇచ్చే మోబో పురస్కారం గెలుచుకుంది. ఎలక్ట్రానిక్ సంగీతానికి అందులో ఒక విభాగం ఉండాలని అంతకు ముందు బహిరంగ లేఖ రాసి పోరాడింది కూడా ఆమే. 2024లో వచ్చిన "సైలెన్స్ ఈజ్ లౌడ్" మెర్క్యురీ తుది జాబితాకు చేరింది. నా రోజుల్లో కెమిస్ట్రీ, స్టార్మ్, డీజే రాప్ లాంటి కొద్దిమంది ఆడవాళ్ళే కనిపించేవారు. ఇప్పుడు షెరెల్, మంత్ర ఇలా పేర్లు చెప్పుకుంటూ పోవచ్చు.

మా అమ్మాయికి ఆ రాత్రి గోడ కథ మొత్తం చెప్పాను. మా అమ్మకు జంగిల్ తెలుసని స్నేహితులందరికీ చెప్పింది. వాళ్ళు అడిగిన ప్రశ్నలకు జవాబులు వెతుకుతూ నేనూ మళ్ళీ వినడం మొదలుపెట్టాను. టిమ్ రీపర్ అనే యువకుడు ఫ్యూచర్ రెట్రో లండన్ పేరుతో విడుదల చేస్తున్న రికార్డుల్లో ఆ పాత అల్లిక మళ్ళీ దొరికింది. పాతదాన్ని అచ్చు గుద్దినట్టు తిరిగి చేసేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ మీద నాకు పెద్ద ఆసక్తి లేదు. కానీ ఈయన లాంటివాళ్ళు దెబ్బలను మళ్ళీ మొదటి నుంచి లెక్కపెడుతున్నారు, కొత్త ముక్తాయింపులు కడుతున్నారు. 2023లో కూల్ ఎఫ్.ఎం. కూడా ఈసారి లైసెన్సుతో డిజిటల్ రేడియోలోకి తిరిగి వచ్చింది.

2024 వేసవిలో అమ్మాయి నన్ను తూర్పు లండన్‌లో ఒక పాత గోదాముకు తీసుకెళ్ళింది. యాభై అయిదేళ్ళ వయసులో నా మొదటి జంగిల్ సభ. మనిషెత్తు స్పీకర్లు. గోడ అడ్డం లేకుండా ఆ బాస్ ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. అది ఊపిరితిత్తుల్లోకి దూరుతుంది. నా పక్కనున్న ఇరవై ఏళ్ళ అమ్మాయి నా చేతిని చూసి ఏం చేస్తున్నారని అడిగింది. ఒక దెబ్బ, మూడు వేళ్ళు, తర్వాత రెండుసార్లు దెబ్బ, విసురు అని చూపించాను. నాలుగు నిమిషాల్లో పట్టేసింది. చివరి ద్రుతం దగ్గర ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా ఇద్దరం కళ్ళు కలిపి నవ్వుకున్నాం. అదే వేసవిలో రాండల్ పోయారని తెలిసింది. ఆదివారం పొద్దుటి ఆ గుమ్మం గుర్తొచ్చింది.

మొన్న జనవరిలో ఫోను వచ్చింది. అబ్బాయి అనకూడదు, వాడికీ యాభై దాటింది. అటక మీది పెట్టెలో ఒక ఫ్లాపీ దొరికిందట. పాత అకాయ్ యంత్రాలు బాగుచేసి వాడుకునే ఒక కుర్రవాడు దాన్ని చదివించగలిగాడట. ఫోనులోనే వినిపించాడు. ముందు ఒక కాకి అరుపు, ఎక్కడో రిక్షా గంట. అది మా తెనాలి ఇంటి వసారా. తర్వాత ఎడమచేతి బరువైన నాదం, దాని మీద కుడిచేతి వేళ్ళు, ఒక చిన్న జతి, అంతే. తడిపిన రవ్వ ముద్ద నా వేళ్ళకు తగిలినట్టయింది.

ఆ కుర్రవాడు ఆ పాటను రికార్డుగా వేస్తానంటున్నాడని, మూడు వందల కాపీలని చెప్పాడు. నా అనుమతి అడిగాడు. అనుమతి ముప్పై ఏళ్ళ కిందటే ఇచ్చారన్నాను, ఏరోగ్రాం చదివి ఇంగ్లీషులో చెప్పాను. కాసేపు వాడేమీ మాట్లాడలేదు.

"అకా, రికార్డు మధ్య కాగితం మీద ఎవరెవరు వాయించారో రాయాలి. ఒక పేరు కోల్‌మన్. రెండోది ఎలా రాయాలో చెప్పు" అన్నాడు.

నాన్నగారి పేరు అక్షరం అక్షరంగా చెప్పాను. తప్పు పోకూడదని తిరిగి చదివించుకున్నాను.